ప్రస్థానం పెట్టిన పళ్ళచక్రం

పోటీల సంఘం కార్యదర్శి గారికి,

గండిపాలెం బడిలో స్టోరు చూసే మాలకొండయ్య నమస్కరించి రాసేది. నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. మన్నించాలి. భూమి మీద కనిగిరి దగ్గర మా పల్లెలో ఆరో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత సొరంగాలు తవ్వే పనికి ఈ గ్రహం మీదికి వచ్చాను. ఇప్పుడు అందరూ మాట్లాడితే రాసే పెట్టె వాడుతున్నారు. దాని ముందు కూర్చుంటే నాకు నోరు పెగలదు. "చెప్పండి" అని అది అడిగేసరికి చెప్పాలనుకున్నది పోతుంది. అందుకే పెన్సిలుతో రాస్తున్నాను.

మా బడి పిల్ల ఎస్తేరు జట్టుకు మీరు ఎనిమిది మార్కులు కోశారు. తప్పు ఆ పిల్లది కాదు, నాది. విచారణ గదిలో ఆ పిల్ల వెనక సంచీ పట్టుకుని దగ్గిన ముసలాణ్ణి నేనే. చెప్పాలనే నిలబడ్డాను. చెప్పలేకపోయాను.

స్టోరు పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు అలవాటు. అందులో ఈ సంగతికి పనికొచ్చే రోజులు నకలు తీసి పంపుతున్నాను. ఏమీ మార్చలేదు. ఒకచోట మీ మీద కూడా రాసుకున్నాను. అదీ తీసేయలేదు.

*పోటీకి 30 రోజులు*

గాలి మర వడపోత గుడ్డలు పదహారు దులిపాను. ఎర్ర దుమ్ము తట్టెడు వచ్చింది. ఐదో తరగతి వాళ్ళకు పలకలు ఇచ్చాను.

పోటీ కాగితం వచ్చింది. ఈ ఏడు దుమ్ము పోసిన బరిలో స్తంభాల మధ్య నుంచి మంచుగడ్డలు తెచ్చి గుంటలో వేయాలట. మనిషి చెయ్యి తగలకూడదు, రోబో బండే చేయాలి. మా బడి జట్టు ఇద్దరే, ఎస్తేరు, మస్తాన్‌వలి. ఇద్దరూ ఆఖరి తరగతి. బండికి పేరు పెట్టకముందే స్టోరుకు వచ్చి పోట్లాడుకున్నారు.

మస్తాన్‌వలి మామూలు నడక చాలంటాడు. నాలుగు చక్రాలు, రెండు మోటార్లు, కుడివైపుకు ఒకటి, ఎడమవైపుకు ఒకటి. అన్నీ నా సొరుగుల్లోనే ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి తీసుకోవచ్చు. రెండు రోజుల్లో బండి లేచి నిలబడుతుంది, మిగతా ఇరవై ఎనిమిది రోజులూ తోలడం నేర్చుకోవచ్చని వాడి లెక్క.

ఎస్తేరు సొంత నడక చేస్తానంటుంది. చక్రానికొక మెడ. మెడలన్నీ ఒక్కసారి తిరిగితే బండి మొహం తిప్పకుండానే పీతలాగా పక్కకు పోతుంది. స్తంభాల మధ్య వెనకా ముందూ తన్నుకోనక్కర లేదు.

"మామూలు బండి అందరికీ ఉంటది. అందరికీ ఉన్నది చేసేదానికి నేనెందుకు?" అంది ఎస్తేరు.

"నడిపేదానికి," అన్నాడు మస్తాన్‌వలి.

ఆ పిల్ల పట్టుదల ఎందుకో నాకు తెలుసు. పోయిన నెల ఆఖరి తరగతి వాళ్ళకు పనుల చీటీలు తీశారు. ఎస్తేరుకు నాచు కొట్టం వచ్చింది. అంటే ఇక తడి సొరంగంలో గోడల మీద నాచు గీకుతూ బతకాలి. తప్పించుకోవడానికి ఒక్కటే దారి. పోటీలో మొదటి నాలుగు జట్ల నాయకులకు పెద్ద గుమ్మటం కార్ఖానాలో పనిబల్ల ఇస్తారు. బల్ల వస్తే చీటీ రద్దవుతుంది. మా జట్టుకు నాయకురాలు ఎస్తేరే. మస్తాన్‌వలికి చీటీలో నీళ్ళ పంపులు వచ్చాయి. వాడికి పంపులంటే ఇష్టం. అందుకే వాడు పోటీ గురించి మాట్లాడతాడు, ఆ పిల్ల బల్ల గురించి మాట్లాడుతుంది.

లీలావతి టీచరు నా అభిప్రాయం అడిగింది. "ఆ" అన్నాను. ఇద్దరూ నేను తమవైపే అనుకుని వెళ్ళారు. చివరికి ఎస్తేరు మాటే నెగ్గింది.

*పోటీకి 25 రోజులు*

మెడలు తిప్పడానికి పళ్ళచక్రాలు కావాలి. పిల్లలు గేర్లు అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటాయి. ఎస్తేరు బొమ్మ గీసి తెచ్చింది. ముప్పై ఏడు పళ్ళు. నా దగ్గర ముప్పై ఆరు పళ్ళవి సొరుగు నిండా ఉన్నాయి. నలభై పళ్ళవి ఉన్నాయి. ముప్పై ఏడు పళ్ళవి నాకు తెలిసి ఈ గ్రహం మీదే లేవు.

ముప్పై ఆరుతో సర్దుకోకూడదా అమ్మా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

కోత యంత్రం ఊరంతటికీ ఒకటే. బడికి వారానికి ఒక పూట ఇస్తారు. పూటకు రెండు పళ్ళచక్రాలు వస్తాయి. బండికి నాలుగు కావాలి. మూడు వారాలకు ఆరు వస్తాయి కదా, రెండు స్పేరు ఉంటాయని ఎస్తేరు ధైర్యం. ఇవాళ మొదటి పూటలో ఒకటి బాగా వచ్చింది, ఒకటి అంచు విరిగి పోయింది.

*పోటీకి 11 రోజులు*

ఐదు పళ్ళచక్రాలు తయారు. నాలుగు బండిలో పెట్టి బడి నడవలో తోలారు.

నిజంగానే పీతలాగా పోయింది. చిన్న పిల్లలు బల్లలెక్కి చప్పట్లు కొట్టారు. నాకూ చప్పట్లు కొట్టాలనిపించి చేతులు జేబులో పెట్టుకున్నాను. కానీ పక్కకు పోయిన బండి ఆగడం మరిచిపోయింది. అలాగే పోయి వంటగదిలో దూరి పప్పు గిన్నెను తన్నింది. ఇక్కడ బరువు మూడో వంతే కదా, పప్పు పైకి లేచి నింపాదిగా దిగింది. అందరికీ పక్కకు జరగడానికి వ్యవధి దొరికింది. లీలావతి టీచరూ ఎస్తేరూ మాత్రం చూస్తూ నిలబడిపోయారు.

ఒక పళ్ళచక్రానికి రెండు పళ్ళు ఊడాయి. దాన్ని తీసి ఐదోది పెట్టారు. ఇక నాలుగే. పోటీ అయ్యేదాకా కోత యంత్రం ఆసుపత్రి వాళ్ళకు కావాలట, బడికి పూట ఇవ్వలేమన్నారు.

"స్పేరు లేకుండా పోవడమంటే దేవుడి మీద భారం వేసి పోవడమే," అన్నాడు మస్తాన్‌వలి.

"వేద్దాం. ఊరికే కూచోనున్నాడుగా," అంది ఎస్తేరు, జడలోంచి పప్పు తీసుకుంటూ.

*పోటీకి 3 రోజులు, ఆదివారం*

బండి సంచిలో సర్దారు. పోటీ జరిగే పెద్ద గుమ్మటానికి పోయే సొరంగం బండి ఎల్లుండి మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు అని కబురొచ్చింది. వారానికి రెండే, మళ్ళీ శుక్రవారం.

మంగళవారం. పైగా మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం.

మా ఊరి సిద్ధాంతి గారు భూమి పంచాంగమే నడుపుతున్నారు. ఇక్కడి పెద్ద చంద్రుణ్ణి బట్టి తిథులు వేస్తే రోజుకు ఆరు ఏకాదశులు వస్తాయట, ఇక తినేదెప్పుడు. ఆయన మూర్ఖుడు కాదు. పిల్లకు కుజదోషమని ఒకాయన సంబంధం వదులుకుంటే, కుజుడి మీదే కాపురం పెట్టి కుజదోషం ఏమిటయ్యా అని నవ్వారు. మంగళవారం ప్రయాణం సంగతి అడిగితే మాత్రం నవ్వలేదు. గ్రహం కుజుడిదే, వారమూ కుజుడిదే, ఇంటాయన చూస్తుండగానే చెప్పకుండా గడప దాటినట్టు ఉంటుందన్నారు.

సాయంత్రం ఎస్తేరు వాళ్ళమ్మ ప్రార్థన నూనె తెచ్చి నాలుగు మెడలకూ బొట్టు బొట్టు రాసి కళ్ళు మూసుకుంది. మస్తాన్‌వలి నాయనమ్మ భూమి నుంచి తెచ్చుకున్న దర్గా దారం పంపితే వాడు ముందువైపు కట్టాడు. ఎవరిది వాళ్ళు చేశారు. నావైపు నుంచి ఏమీ లేదు.

*పోటీకి 2 రోజులు, సోమవారం*

మా అమ్మమ్మకు ఒక ఉపాయం ఉండేది. చెడ్డ రోజున ప్రయాణం తప్పదనుకుంటే, ముందు రోజే మంచి గడియ చూసి, వెంట తీసుకుపోయే వస్తువు ఒకటి పోయే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెట్టి వచ్చేది. దాన్ని ప్రస్థానం అంటారు. అక్కడికి ప్రయాణం మొదలైనట్టే. మర్నాడు దారిలో ఆ వస్తువు తీసుకుని సాగిపోవడమే. రాహువు వచ్చి చూసేసరికి మనం నిన్ననే బయలుదేరి ఉంటాం.

సోమవారం రాహుకాలం తొమ్మిదికి అయిపోయింది. పదింటికి స్టోరులో ఎవరూ లేనప్పుడు సంచి విప్పాను.

ఏ వస్తువు పంపాలి? ప్రయాణం బండిది, కాబట్టి బండిదే కావాలి. మొదట ఒక బోల్టు తీశాను. చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే అది ఏ బండిదైనా కావచ్చు. అలాంటివి నా సొరుగులో నాలుగు వందలు ఉన్నాయి. ఎవరి ప్రయాణం మొదలైందో రాహువుకు ఎలా తెలుస్తుంది? చక్రం తీద్దామంటే అదీ సర్కారు చక్రమే, అన్ని బళ్ళలోనూ అదే. ఈ బండికే సొంతమైనది, ఇంకెక్కడా లేనిది ఒక్కటే ఉంది.

వెనక కుడి మెడ మూత విప్పి ముప్పై ఏడు పళ్ళ చక్రాన్ని తీశాను. విప్పడం కష్టం కాలేదు. ఆ పిల్ల పని శుభ్రంగా ఉంది. మూత మళ్ళీ బిగించాను.

చీటీ రాయలేదు. నమోదైన వస్తువు స్టోరు దాటితే చీటీ రాయాలి, రాయకపోతే స్టోరు తాళంచెవి తీసుకుంటారు. పంతొమ్మిదేళ్ళలో చీటీ లేకుండా మేకు కూడా ఇవ్వలేదు. ఇవాళ రాద్దామని కూర్చున్నాను. "కారణం" అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలో తోచలేదు.

పడమటి సొరంగంలో నీళ్ళ లెక్క చూసే పిచ్చమ్మ ఇల్లు సొరంగం బండి దారి పక్కనే. వాళ్ళది కందుకూరు వైపు. ప్రస్థానం అంటే విప్పి చెప్పనక్కర లేదు.

"బండికి కూడానా అన్నా?" అంది.

"బండికే," అన్నాను.

పసుపు రాసి, నాలుగు బియ్యపు గింజలు వేసి, గుడ్డలో మూట కట్టి గూట్లో పెట్టింది. ఆమె గుమ్మం దగ్గర సొరంగం బండి మామూలుగా ఆగదు. లోపలి నుంచి ఎవరైనా అడిగితే ఆపుతారు. మూట పట్టుకుని గుమ్మంలో నిలబడతాను, నువ్వు ఆపమను చాలు అంది. అలాగే అంటానన్నాను. మెడలో పెట్టి బిగించడం పది నిమిషాల పని. పిల్లలకు దారిలోనే చెప్పవచ్చులే అనుకున్నాను.

*పోటీకి ఒక రోజు, మంగళవారం*

ఆగలేదు.

సొరంగం బండిలో ఇంకో రెండు బడుల పిల్లలు, టీచర్లు, రెండు డప్పులు. నన్ను సామాను మోసేవాడిగా రాసి ఎక్కించారు, వెనక మూల చోటు దొరికింది. ఎక్కిన దగ్గరి నుంచీ "బాబూ, కాస్త ఆపు" అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. బాగా వచ్చింది. తలెత్తి చూస్తే తోలేది ఆడపిల్ల. "బాబూ" పనికిరాదు. "అమ్మా, కాస్త ఆపు" అని మార్చుకునేసరికి పిచ్చమ్మ గుమ్మం వచ్చింది.

అన్నాను. నాకు వినపడింది.

పిచ్చమ్మ గుమ్మంలో రెండు చేతులతో మూట ఎత్తి పట్టుకుని నిలబడింది. ఎస్తేరు ఆమెను చూసి చెయ్యి ఊపింది. బండిలో పిల్లలంతా ఊపారు. డప్పులు కొట్టారు. పిచ్చమ్మ మూట చంకలో పెట్టుకుని తనూ ఊపింది. నేనూ ఊపాను.

పెద్ద గుమ్మటానికి రెండు గంటలు. ప్రతి పది నిమిషాలకూ చెప్పబోయాను. ఎస్తేరు ముందు సీట్లో కూర్చుని కార్ఖానాలో తన బల్ల కిటికీ దగ్గర కావాలని టీచరుతో చెబుతోంది. ఎట్లా చెప్పను?

*బుధవారం, పోటీ*

పొద్దున కార్యదర్శి గారు అరగంట మాట్లాడారు. పిల్లలంతా నిలబడే ఉన్నారు. మాట్లాడటం వచ్చినవాళ్ళకు ఆపడం రాదు. రానివాళ్ళకు మొదలుపెట్టడం రాదు.

తర్వాత ఎస్తేరు బండిని నేల మీద పెట్టి మెడలు తిప్పి చూసింది. మూడు తిరిగాయి. నాలుగోది కునికే కోడి మెడలా వాలింది. మూత విప్పితే లోపల ఖాళీ. మస్తాన్‌వలి సంచి బోర్లించాడు. టీచరు తన హ్యాండ్‌బ్యాగు కూడా వెదికింది. ఎవరో తీశారు అంటూ పక్క జట్టు వాళ్ళవైపు చూడటం మొదలుపెట్టింది. వాళ్ళు పాపం ఇడ్లీ తింటున్నారు. ఇక చెప్పక తప్పలేదు.

"అమ్మా, అది పిచ్చమ్మ ఇంట్లో ఉంది," అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు. మిగతాది కూడా చెప్పాను. రాహుకాలం, అమ్మమ్మ, బోల్టు, అన్నీ. నేను ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"అంటే నిన్న ఆమె చెయ్యి ఊపింది..." అన్నాడు మస్తాన్‌వలి.

"తీసుకోమని," అన్నాను.

వాడు నేల మీద కూలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. ఎస్తేరు నవ్వలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండేది. ఆ ఖాళీలో వేలు పెట్టి కాసేపు తిప్పింది. ఆ కాసేపు నేను మళ్ళీ అనుభవించలేను.

"ఎంతసేపుందిరా?" అని అడిగింది వాణ్ణి.

"నలభై నిమిషాలు."

"నాలుగు మెడలూ కదలకుండా బిగించేద్దాం. మామూలు బండి చేసి తోలు."

"ముప్పై రోజుల ముందే చెప్పా నేను."

"ఇప్పుడూ చెప్పు. చేతులాడిస్తా చెప్పు."

మెడలు బిగించడానికి ఎనిమిది బోల్టులు కావాలన్నారు. నా జేబులో తొమ్మిది ఉన్నాయి. ఇచ్చాను. అన్నీ సరిపోయాయి. సర్కారు బోల్టు ఎక్కడైనా పడుతుంది, అదొక్కటి దాని గొప్ప.

మెడ తిరగని బండి మలుపు తిరగాలంటే చక్రాలు ఈడ్చుకోవాలి. భూమి మీదైతే నేలకు పట్టుకుని మొరాయించేది. ఇక్కడి బరువుకు, ఆ దుమ్ములో, జారుతూ బాగానే తిరిగింది. మస్తాన్‌వలి చెయ్యి మంచిది. మూడు ఆటల్లో రెండు గెలిచారు. ఎస్తేరు ఒక్కో ఆట కాగానే వంగి బోల్టులు చూసుకుంది. నావైపు చూడలేదు. మూడో ఆట తర్వాత మంచినీళ్ళ సీసా నాకే ముందు ఇచ్చింది.

*గురువారం*

ఆఖరి బరిలో స్తంభాలు దగ్గర దగ్గరగా పాతారు. పక్కకు ఒక్క జానెడు జరిగితే చాలు, గడ్డ అందుతుంది. మా బండి జరగలేదు. వెనక్కీ ముందుకూ మూడుసార్లు తన్నుకుంది. ఈలోగా వేళ అయిపోయింది. రెండు గడ్డలు చేరలేదు.

అయినా మొత్తం ముప్పై ఒక్క మార్కులు, మూడో స్థానం. ఎస్తేరు బండి పక్కన దుమ్ములోనే కూర్చుంది. టీచరు ఏడ్చింది. మెడలు తిరిగి ఉంటే మొదటి స్థానం మనదే అంది ఎస్తేరు. మెడలు తిరిగి ఉంటే నిన్న రెండో ఆటలోనే విరిగేవన్నాడు మస్తాన్‌వలి. భోజనం దగ్గర కూడా అదే వాదన. నాకు అన్నం రుచిగా ఉంది. బల్ల వచ్చింది కదా.

సాయంత్రం తనిఖీ వాళ్ళు నమోదు బొమ్మ పక్కన పెట్టుకుని బండి విప్పారు. బొమ్మలో నాలుగు పళ్ళచక్రాలు, బండిలో మూడు. విచారణ అన్నారు. కార్యదర్శి గారు మర్యాదగానే అడిగారు. మీ జట్టే మరిచిందా, బయటివాళ్ళెవరైనా తీశారా అని.

"నేనే ఇంట్లో మర్చిపోయానండి," అంది ఎస్తేరు.

టీచరు నోరు తెరిచింది. ఎస్తేరు ఆమె కాలు తొక్కింది. మస్తాన్‌వలి పైకప్పు వైపు చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను. అది దగ్గులా వినపడింది. కార్యదర్శి గారు నాకు మంచినీళ్ళు ఇప్పించారు. ఇచ్చిన నీళ్ళు వద్దనడం ఎలాగని తాగాను. గ్లాసు కింద పెట్టేసరికి రాసేసుకున్నారు.

ఎనిమిది కోశారు. ఇరవై మూడు మిగిలాయి. మా వెనకున్న రెండు జట్లకు ఇరవై ఆరు, ఇరవై నాలుగు ఉన్నాయి. మేము ఐదో వాళ్ళం.

*శుక్రవారం*

తిరిగి వచ్చాము. పిచ్చమ్మ గుమ్మం దగ్గర ఎస్తేరు లేచి, ఆపమ్మా అని ఒక్క కేక వేసింది. బండి ఆగింది. అంత సులువు.

పిచ్చమ్మ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. రోజూ పొద్దున్నే స్నానం చేసి దానికి పసుపు రాసిందట. పని జరిగిందా అన్నా అని అడిగింది. జరిగిందన్నాను. మూట మరిచిపోయి వెళ్ళారే అని తను మూడు రాత్రులు నిద్రపోలేదంది. అసలు సంగతి ఎవరమూ చెప్పలేదు. ఎస్తేరు ఆమె రెండు చేతులూ పట్టుకుని, నీవల్లే మూడో స్థానం వచ్చింది పిన్నీ అంది.

ఐదో స్థానం మాట ఎత్తలేదు.

*ఆదివారం*

వడపోత గుడ్డలు దులపలేదు. లీలావతి టీచరు స్టోరుకు వచ్చి పోటీ నియమాల కాగితం చదివి వినిపించింది. పదకొండో నియమం. నమోదైన భాగాన్ని జట్టే పోగొడితే ఎనిమిది మార్కులు కోత. జట్టులో లేని మనిషి చేతివల్ల పోతే కోత లేదు. ఈ నియమం ఎస్తేరుకు తెలుసా అని అడిగాను. నియమాలన్నీ నకలు రాసి గోడకు అంటించింది ఆ పిల్లే కదా అంది టీచరు.

అంటే తెలిసే చెప్పింది.

మధ్యాహ్నం ఎస్తేరు పళ్ళచక్రం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నేను ఎవరినీ ఏదీ అడిగే మనిషిని కాదు. ఇవాళ రెండు అడిగాను.

"ఎందుకమ్మా అట్టా చెప్పావు?"

"నీ పేరు చెబితే తాళంచెవి తీసుకుంటారు తాతా. స్టోరు లేకపోతే పొద్దున్నే లేచి యాడికి పోతావు నువ్వు?"

నిజంగానే ఎక్కడికీ పోను.

"నాచు కొట్టంలోనూ బండ్లుంటాయి. చక్రాలు అరిగిపోయుంటాయి. చూస్తాలే," అంది. అంటూ ముప్పై ఆరు పళ్ళవి ఉన్న సొరుగు లాగి, అన్నీ బయటికి తీసి, మళ్ళీ లోపల సర్దింది. అవి సర్దే ఉన్నాయి.

"ముప్పై ఏడే ఎందుకమ్మా?" అని రెండోది అడిగాను.

అప్పుడు మొహం వెలిగింది. "చిన్న గేరుకు పన్నెండు పళ్ళు తాతా. పెద్దదానికి ముప్పై ఆరు పెడితే ఎప్పుడూ అదే పన్ను అదే పన్నుకు తగులుద్ది. అక్కడే అరుగుద్ది. ముప్పై ఏడు పెడితే ప్రతి పన్నూ ప్రతి పన్నుతో కలిసొస్తది. అన్నీ సమానంగా అరుగుతాయి. ఎక్కువ కాలం ఉంటది."

నలభై ఏళ్ళుగా గేర్లు విప్పి బిగిస్తున్నాను. ఒకచోటే అరిగినవి బుట్టలకొద్దీ పారేశాను. ఎందుకు ఒకచోటే అరుగుతాయో నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ పిల్ల వెళ్ళాక పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

ఇక్కడితో నకలు అయిపోయింది అయ్యా.

నేను జట్టులో లేను. పేర్ల కాగితం చూడండి. ఇద్దరు పిల్లలు, ఒక టీచరు. నేను సామాను మోసేవాణ్ణి. పళ్ళచక్రం తీసింది నా చెయ్యి. చీటీ రాయనిది నేను. నమ్మకం లేకపోతే పిచ్చమ్మను అడగండి. అయితే మెల్లగా అడగండి, తనవల్ల ఏదో జరిగిందని బెంగ పెట్టుకుంటుంది. పళ్ళచక్రం కూడా దీంతో పంపుతున్నాను. పళ్ళ సందుల్లో పసుపు ఉంది, తుడవలేదు. చూసుకున్నాక తిరిగి పంపించండి. అలాంటివి నాలుగే ఉన్నాయి.

తాళంచెవి సంగతి బడి వాళ్ళకు నేనే చెబుతాను. ఈసారి కాగితం మీద రాసిస్తాను కాబట్టి దగ్గు రాదు. నేను పొద్దున్నే లేచి ఎక్కడికి పోతానన్నది మీ లెక్కలోకి తీసుకోవద్దు. మామూలు నడక మంచిదా సొంత నడక మంచిదా అన్నది కూడా నన్ను అడగవద్దు. ఎనిమిది మార్కుల సంగతి ఒక్కటే చూడండి.

బల్లల జాబితా శుక్రవారం అంటిస్తారని విన్నాను. నాచు కొట్టం వాళ్ళు అప్పుడే ఎస్తేరుకు రబ్బరు బూట్లు చేయించాలని పాదం కొలత అడిగారు. కొలిచి పంపవలసింది స్టోరు వాడే. టేపు కనపడటం లేదని మొన్న రాశాను. పిల్లకు జలుబు చేసిందని నిన్న రాశాను. జలుబుకూ పాదానికీ ఏం సంబంధమని ఇవాళ అడిగారు. పాదం వాచిందని రాయబోతున్నాను. శుక్రవారం దాకా అయితే లాగగలను. ఆ పైన నాకు తోచవు. జవాబు త్వరగా రాయండి. కాగితం మీదే రాయండి.

ఇట్లు
మాలకొండయ్య